ముడి విప్పని ఎర్రగుడ్డ కట్ట

బాపూ, దండం.

నువ్వు పోయి తొమ్మిది నెలలు నిండాయి. ఇన్నాళ్లూ రాయలేదు... ఏమని రాయను? నీకు చదవరాదు. నేను రాసిన కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని "మస్తు రాసినవ్ రా, చీమలు బారు కట్టినట్టున్నది" అనేవాడివి. ఇప్పుడు మాత్రం నీకు అన్నీ తెలుస్తాయని ఎందుకో నమ్మకం.

అమ్మ బాగానే ఉంది. కూలికి పోతోంది. ఈసారి జొన్న గింజ పట్టలేదు. ఎర్రెద్దును అమ్మేశాం. దున్నడానికి మిగిలిన సగం చెలకకు రెండెడ్లెందుకని అమ్మే అంది.

నువ్వు నాకు కనబడుతున్నావు బాపూ. పట్టపగలు, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు, గుట్టకింది చెలకలో సున్నం కొట్టిన ఆ హద్దురాయి పక్కన. భుజం మీద గొంగడి. నేను దగ్గరికొస్తే ఉండవు. తిట్టినా బాగుండు... ఎందుకు తిట్టవు?

ఆ రాళ్లు పాతిన రోజు గుర్తుందా? నాకప్పుడు పన్నెండేళ్లుంటాయేమో. అడవి కాపలావాళ్లు గొలుసు పట్టుకుని గుట్ట దిగి వచ్చారు. వాళ్ల గీత మన చెలక నడుమ నుంచి పోయింది. గీతకు అవతలి సగం అడవి కిందికొచ్చిందన్నారు. పట్టా నీ పేరుమీదే ఉంటుంది, కానీ దున్నకూడదు, చెట్టు కొట్టకూడదు, గొడ్డును తోలకూడదు. ఆ ఏడు శిస్తు మాత్రం మొత్తానికీ వసూలు చేశారు. నువ్వు శిస్తు కట్టి వచ్చి వాకిట్లో కూర్చుని నవ్వావు. "నాదంటరు, నన్ను దున్నొద్దంటరు. మరి నాదెట్లయితది రా?"

నేను తరవాత ఎన్ని కరపత్రాలు చదివానో నీకు తెలుసు. అచ్చంపేట బట్టల దుకాణంలో మూటలు మోస్తూ, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. దోపిడీ, విముక్తి, దున్నేవాడికే భూమి... అన్నీ నోటికొచ్చాయి. కానీ నీ ఆ ప్రశ్నకు జవాబు ఏ కరపత్రంలోనూ కనబడలేదు. ఇంకోసారి అన్నావు, "అడివి వద్దంటన్ననా? అడివి లేకుంటే వాన రాదని నాకెరుకనే. గని అందరి మీద పడే వానకు నా ఒక్కని చెలకనేనా ఇచ్చుకునేది?" నాకు కోపమొచ్చింది. ఇంత చల్లగా అడిగితే ఎవడు వింటాడని నీ మీదే అరిచాను.

అరవడం నాకు బాగా వచ్చు కదా.

ఇక ఆ రోజు సంగతి రాయాలి.

దొరల మీద లేచిన సంఘం మన ఊళ్లోకొచ్చిన ఏడు. భూముల లెక్కలు రాసే పట్వారి పట్నం పారిపోయాడు. మేం అతని ఇంటి తలుపు విరగ్గొట్టి దఫ్తరమంతా వాకిట్లో కుప్ప పోశాం. అప్పుకాగితాలు, వెట్టి కాగితాలు, పహాణీలు. ఊరంతా వచ్చింది. డప్పులు మోగాయి. కాగితమే సంకెల అని నేను అరుగెక్కి ఉపన్యాసం ఇచ్చాను. నాకు ఇరవై ఏళ్లు. ఆ మాట అంటుంటే ఎంత గొప్పగా ఉందో!

నువ్వు జనాన్ని తోసుకుంటూ వచ్చావు. నా మోచెయ్యి పట్టుకున్నావు. "అన్నీ కాలవెట్టకు బిడ్డా. గా ఎర్రగుడ్డ కట్టల మన పహాణి ఉంటది. రాళ్లు పాతకముందు మన చెలకల ఏమేమి ఏసిన్నో అండ్ల రాసున్నది. జర ముడి విప్పి చూడు."

నేనేమన్నానో నీకు గుర్తుండే ఉంటుంది. ఆ మాట ఇక్కడ రాయను... రాయకపోతే దాచినట్టవుతుంది. రాస్తాను. నీకు బానిస బుద్ధి ఇంకా పోలేదన్నాను. ఊరందరి ముందు అన్నాను. జనం నవ్వారు. నువ్వు నా చెయ్యి వదిలేశావు.

కట్టను ముడి విప్పకుండానే మంటలో వేశాను. అక్కడున్నవాళ్లలో చదువు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే బాపూ. అప్పుకాగితమేదో, రైతును బతికించే కాగితమేదో చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎంతసేపు పట్టేది? చుట్ట కాల్చినంతసేపు కూడా పట్టేది కాదు.

ఇప్పుడు అమ్మ పొయ్యి రాజేయడానికి చిత్తుకాగితం తీసినా నేను లేచి బయటికి పోతున్నాను. ఆ వాసన నా చొక్కాల్లోంచి పోవడం లేదు. అమ్మకు రావడం లేదట. నాకొక్కడికే వస్తోంది.

తరవాత సంఘం వాళ్లను వెతుకుతూ యూనియన్ మిలిట్రీ వచ్చింది. నేను గుట్టలెక్కాను. నువ్వు కంది చేలో సద్ది దాచిపెట్టి పోయేవాడివి. జ్వరమొచ్చి నేను ఇంటికి చేరాక, చలికాలంలో తహసీలు నుంచి కొత్త అధికారి వచ్చాడు. హద్దురాళ్లకు ముందే సాగులో ఉన్నట్టు పహాణి చూపిస్తే, పోయిన భూమికి బదులు వేరే చోట భూమి ఇస్తామన్నాడు. మన ఊళ్లో గీత మీద పడ్డవి పదకొండు కుటుంబాలు. అందరూ చావడి ముందు నిలబడ్డారు. పహాణీలు ఏమయ్యాయని అడిగాడు.

నేను వెనక వరసలో ఉన్నాను. నోరు తెరిచాను... అని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటున్నాను. లేదు. తెరవలేదు. నువ్వు వెనక్కి తిరిగి ఒక్కసారి నన్ను చూసి, ముందుకు పోయి చెప్పావు. "చెదలు తిన్నయి సారూ."

నువ్వు అబద్ధమాడడం నేను వినడం అదే మొదలు. మిగతా పదిళ్లవాళ్లూ నా ముఖం చూసి, నీ ముఖం చూసి, చెదలే సారూ అన్నారు. అందరికీ భూమి కావాలి. అయినా అన్నారు. నన్ను జైల్లో వేస్తారని.

ఆ తరవాత వానాకాలంలో నీకు చలిజ్వరం పట్టుకుంది. పడుకున్న పన్నెండు రోజుల్లో ఆ కట్ట మాట ఒక్కసారైనా ఎత్తుతావని కాచుకుని కూర్చున్నాను. ఎత్తలేదు. "న్యాయం న్యాయమంటవు గని, అడిగేటోని మాట ఇనవు రా" అన్నావు, అదీ నవ్వుతూనే. ఆ ఒక్క మాటతో సరిపెట్టావు. దాంతో నేనెట్లా సరిపెట్టుకోను?

ఇప్పుడు ఏమైందో విను. బదులు భూమి కోసం పదకొండిళ్లవాళ్లం పెట్టుకున్న అర్జీ తిరిగి వచ్చింది. పహాణీలు కాలిపోయాయని పట్వారి రాసిచ్చాడట, మనం చెదలన్నాం. రెండు మాటలు పొసగలేదు కాబట్టి రైతుల మాట నమ్మదగింది కాదని రాశారు. నన్ను కాయడానికి నువ్వు చెప్పిన అబద్ధమే పదకొండు ఇళ్ల మీద పడింది. ఆఖరి విచారణ ఈ రోజే, అచ్చంపేటలో. కాగితాలు ఎట్లా పోయాయో నిజం తేలితే పక్క ఊరి పెద్దల సాక్ష్యం తీసుకుంటారని తహసీలు కచేరీలో ఫైళ్లు చూసే పేష్కారు చెప్పాడు. తేలకపోతే ఫైలు మూసేస్తారు.

గీత అవతల ఉన్నదంతా పోయిన లచ్చమ్మ చిన్నమ్మ నిన్న మనింటికొచ్చింది. ఒక్క మాట తిట్టలేదు. మీ బాపు మాట మీద నిలబడ్డం, ఇగ నిలబడనీకె కాళ్లల్ల సత్తువ లేదు బిడ్డా అంది. చెంబెడు నీళ్లు తాగి పోయింది.

భూమి దున్నేవాడిదేనని నేను ఇప్పటికీ నమ్ముతాను. ఆ అప్పుకాగితాలు కాల్చినందుకు నాకు పశ్చాత్తాపం లేదు, ఉరితీసినా ఉండదు. కొత్త సర్కారైనా పాత సర్కారైనా గీత ఒకటే గీసిందని వాళ్ల ముఖం మీదే అంటాను. అందరి కోసం అంటూ ఒకడి చేను తీసుకుంటే, ఆ అందరూ కలిసి వాడికి చేను ఇవ్వాలి. దీనికి కరపత్రం అక్కరలేదు. కానీ ముందు నా సంగతి చెప్పాలి కదా... అది చెప్పకుండా ఇది అడిగే నోరు నాకెక్కడిది?

చెప్తాను బాపూ. వాకిట్లో డప్పు కొట్టినవాళ్ల పేర్లు చెప్పను, ఎంత కొట్టినా చెప్పను. నా పేరు చెప్తాను. చదవగలిగి ఉండీ చదవకుండా కాల్చింది నేనేనని రాసి సంతకం పెడతాను. మా బాపు చెప్పింది అబద్ధమని కూడా రాయాలి. పదిమందిలో రెండోసారి నిన్ను తక్కువ చేయబోతున్నాను. ఈసారైనా నా చెయ్యి వదలకు.

తెల్లవారుతోంది. అమ్మ రొట్టెలు చేస్తోంది. అచ్చంపేట పోయి రావడానికి రెండు చాలు. ఆమె ఎనిమిదో తొమ్మిదో చేసి, ఉల్లిగడ్డలు పెట్టి, నీ పాత ధోవతి చింపి మూట కడుతోంది. అన్ని ఎందుకని నేను అడగలేదు. నా ఇంకో చొక్కా కూడా మడిచి మూట పక్కన పెట్టింది.

పోయొస్త బాపూ.

నీ కొడుకు
నర్సింహ