మావారి కాఫీ మాట

వీడియో ఎడిటింగ్ బాబుకి దీవెనలు.

మా అమ్మాయి పెళ్ళి వీడియో చేసింది నువ్వే. మా ఇంట్లో డిస్కు గీతలు పడి ఆడటం లేదు. అందులో మావారు అంతమంది ముందు "రేపట్నుంచి పొద్దుటి కాఫీ నేనే పెడతాను" అన్నారు. ఇప్పుడేమో అనలేదంటున్నారు. నా మోకాళ్ళు తెల్లవారుజామున లేవనివ్వడం లేదు. ఆ ముక్క తీసి పంపు, నాకు సాక్ష్యం కావాలి. నాకు చదువు రాదు. ఇంట్లో చదువొచ్చింది ఈయనకే కాబట్టి ముద్దాయి చేతే ఫిర్యాదు రాయిస్తున్నాను.

ఇట్లు,
పెళ్ళికూతురి తల్లి (వేలిముద్ర)

తా.క. ఇది ఆవిడకి తెలియకుండా రాస్తున్నాను. తొందరేమీ లేదు. దొరక్కపోతే మరీ మంచిది. – ముద్దాయి

*

అమ్మగారికి నమస్కారాలు.

పూర్తయిన వీడియో నా దగ్గర లేదు గానీ, ఎక్కడ కత్తిరించానో ఎక్కడ అతికించానో దాచుకున్న ఎడిటింగ్ ప్రాజెక్టూ, కెమెరాతో తీసినవన్నీ భద్రంగా ఉన్నాయి. అది పాత సాఫ్ట్‌వేర్‌లో చేసింది. కొత్తది దాన్ని నేరుగా తెరవదు. మధ్య వెర్షన్‌లో తెరిచి సేవ్ చేసి, అప్పుడు కొత్తదానికి ఇవ్వాలి. ప్రస్తుతానికి బొమ్మల చోట ఎర్ర తెర వస్తోంది. కంగారు పడకండి, ఏది ఏ ఫోల్డర్‌లో ఉందో సాఫ్ట్‌వేర్‌కి నేను చూపిస్తే అన్నీ వచ్చేస్తాయి. మీవారి మొహం చుట్టూ తిరిగే గులాబీలు మాత్రం రావు.

విధేయుడు,
ఎడిటర్

*

ఎడిటర్‌కి. ఈసారి దీవెనలు లేవు.

నీ జవాబు మావారు చదివి వినిపించారు. అంతా పోయిందట, ఎర్ర తెర తప్ప ఏమీ మిగల్లేదట. గుమ్మం దాటి ఎరగని మనిషిని నీకు అప్పగిస్తే తప్పిపోనిస్తావా? గులాబీలు పోతే పీడా పోయింది, ఆ మొహానికి అవి ఎప్పుడూ నప్పలేదు. నాకు మనిషి కావాలి.

ఇంకో మాట. పేజీ నిండా ఉన్న ఉత్తరం ఈయన రెండు ముక్కల్లో చదివేశారు. అందుకని ఈసారి జవాబు రాయకు, బొమ్మే పంపు. చదవడం రాదు గానీ నాకు చూడటం వచ్చు.

ఇట్లు,
అదే తల్లి (వేలిముద్ర)

తా.క. ఆ చివరి మాట ఎగ్గొడదామనుకున్నాను. పెన్ను ఆగితే డొక్కలో పొడుస్తోంది. – ము.

*

అమ్మగారికి నమస్కారాలు.

పోయిందని నేను రాయలేదండీ. ప్రాజెక్టు కొత్తదానిలోకి వచ్చేసింది. పెన్‌డ్రైవ్ పంపుతున్నాను, టీవీకి పెట్టుకోండి.

విధేయుడు,
ఎడిటర్

తా.క. ఈ మార్పిడిలో నేను అప్పట్లో పెట్టిన కత్తిరింపు ఒకటి నిలవలేదు. మీవారి మాట తర్వాత తీసేసిన ముక్క కూడా వచ్చింది. ఎందుకైనా మంచిదని ఉంచేశాను.

*

బాబుకి,

మా అమ్మాయి వచ్చి టీవీకి పెట్టింది. ఈయన తప్పించుకోకుండా తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆ మాట అననే అన్నారు, గంట కొట్టినట్టు. నేనింకా ఈయన వైపు తిరగనైనా లేదు, టీవీలోంచి ఓ ఆడగొంతు, "మీ కాఫీ తాగడం కన్నా కోడికన్నా ముందు లేవడం నయం. నా వంటింట్లో కాలు పెట్టొద్దు" అంది. ఎవరా గయ్యాళి అని చూద్దును కదా, నేనే. ఇన్నేళ్ళూ నా సగం నాకు గుర్తులేదు, ఈయన సగం ఈయనకి గుర్తులేదు. కేసు ఓడాను. ఈయన రాస్తూ నవ్వుతున్నారు.

దీవెనలు తిరిగి ఇస్తున్నాను.
(వేలిముద్ర)

తా.క. బాబూ, నన్ను ఒడ్డున పడేసే ముక్కనే ఇన్నాళ్ళూ దొరక్కూడదని మొక్కుకున్నాను. తీర్పు వచ్చిన మర్నాడు ఆవిడ గోడ పట్టుకుని వంటింట్లోకి నడుస్తుంటే చూడలేక నేనే పొయ్యి వెలిగించాను. కాఫీ నీళ్ళలా వచ్చింది. ఆవిడ కాళ్ళు చాపుకుని, గ్లాసు ఖాళీ చేసి, "రేపు కాస్త పొడి ఎక్కువ వెయ్యండి" అంది.