నీ సొక్కా తడిగా ఉన్న రోజు

ఒరే తమ్ముడూ,

నీ హాఫ్‌బీకు సేప పిల్లలు పెట్టిందిరా. అదే, కింది దవడ సూదిలా పొడుగ్గా ఉంటాదే, ఆ పెద్ద ఆడది. నువ్వున్నప్పుడు ఎప్పుడు పెట్టినా సచ్చిన పిల్లలే. "అక్కా, దీనికి పురుగుల మేత సాల్లేదే" అనీవోడివి. ఇప్పుడు మన ట్రాఫిక్ రైలు క్వార్టర్ల కాలవలో దోమపిల్లల్ని గాలించేది నేనే. పక్క క్వార్టర్ దీదీ నన్ను సూసి నవ్వుతాది.

నీ సేపలకి పొగరెక్కువ. కొత్త మనిషి నీడ పడితే సాలు, బెదిరిపోయి తొట్టి అద్దానికి గుద్దుకొని ముక్కులు ఇరగ్గొట్టుకుంటాయి. అందుకే నువ్వు పోయిన కాణ్ణుంచి సీర మీద నీ ఖాకీ సొక్కా ఏసుకొనే మేత ఏస్తన్నాను. నిమ్‌పురా రైలు యార్డు నుంచి నువ్వే డ్యూటీ దిగొచ్చినావని అవి అనుకుంటాయి.

రేపు నీ సంవత్సరీకం. నీ ఫోటో పక్కన పెడదామని ఈ పొద్దే మొదటిసారి ఆ సొక్కా ఉతికి ఆరేసినాను. అది ఆరకముందే ఈ సేప పిల్లలు పెట్టీసింది. తల్లి మింగీకముందే పిల్లల్ని ఏరే గిన్నెలోకి తియ్యాలి కదా. ఎన్ని ముక్కులు ఇరుగుతాయో అనుకుంటా ఉత్త సీరతోనే ఎళ్ళినాను.

ఒక్కటీ బెదరలేదురా. నువ్వొచ్చినప్పుడు సేరినట్టే అన్నీ అద్దం దగ్గర సేరినాయి. నా సేతిలో మేత లేదు. నా కేసి సూడనూ లేదు. నా ఎనకాల ఎవరో నిలబడినట్టు, అటే సూస్తన్నాయి.

పిల్లల్ని మెల్లగా తీసినాను. అన్నీ బతికే ఉన్నాయి.

ఎనక్కి మాత్రం తిరగలేదు. తిరిగితే నువ్వు లేవని తెలిసిపోద్ది.