ఈల వేసే డొప్ప

హావ్‌బ్రిస్ ఓడ,
రోటర్‌డామ్ రేవు.

ఓలెసుండ్ ఆఫీసులో ఓడల బొమ్మలు గీసే రాగ్నిల్డ్ గారికి కెప్టెన్ తోర్లైఫ్ రాయునది,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. చలికి కలంలో సిరా గడ్డకట్టింది, మంచి సాకు. కానీ కాఫీ కప్పు పక్కన పెట్టగానే కరిగి కూర్చుంది. సిరాకి బద్ధకం విలువ తెలీదు.

మా ఓడ ముక్కుకి మీరు తగిలించిన ఇనప డొప్ప బాగానే ఉంది. గాలి వచ్చి పైన గోడలా పేర్చిన చేపల పెట్టెలకి గుద్దుకోకుండా పక్కలకి జారిపోతుందన్నారు. జారుతోందనే అనుకుంటున్నాను, గాలి కనబడదు కదా. ఒక సందేహం. గాలి వెనకనుంచి వస్తే డొప్పకి పనేముంది?

అసలు సంగతికొస్తాను. డొప్ప పెట్టిన దగ్గర్నుంచీ ఓడలో ఎవరో ఈల వేస్తున్నారు. సముద్రం మీద ఈల వేయడమంటే తుఫానుని పేరు పెట్టి పిలవడమే. ఈల వేసినందుకే మా తాతని తోటి జాలర్లు ఒక దీవిలో దింపేసి పోయారు. మా నాయనమ్మ ఆ దీవిలోనే దొరికింది, అది వేరే కథ. ఇప్పుడు మా వంటావిడ గున్వర్, "ఆ ఈల ఆగేదాకా శనివారం పాలబువ్వ లేదు, ఎండుచేప నమలండి" అని గరిటె కడిగి పెట్టేసింది. వెంటనే విచారించగలరు.

ఇట్లు,
తోర్లైఫ్

తా.క. డొప్ప వెనక గాలి పీల్చడానిక్కూడా లేదు. గున్వర్ అక్కడే కుర్చీ వేసుకుని స్వెట్టరు అల్లుతోంది. సమ్మె వంటకి మాత్రమేనట.


కెప్టెన్ గారికి,

గాలి వెనకనుంచి వస్తే డొప్పకి సెలవు. కానీ ఆకు కదలని రోజున కూడా పరుగెత్తే ఓడ తన ఎదురుగాలి తనే పుట్టించుకుంటుంది. సైకిలు తొక్కేవాడి చెవుల్ని అడగండి, చెబుతాయి.

ఈలల విచారణ నా పని కాదండీ. నాకు కావలసింది చమురు లెక్క. డొప్ప నూటికి రెండు పాళ్ళు మిగులుస్తుందని మా పెద్దాయన హాల్వర్ గారి ముందు బల్ల గుద్ది చెప్పాను. మిగలకపోతే వసంతంలో డొప్ప కోసి పారేస్తారు. నన్ను మళ్ళీ ఓడల్లో మరుగుదొడ్ల గొట్టాలు గీసే బల్లకి తోలేస్తారు. ఆ బల్ల పక్కన కిటికీ కూడా లేదు.

మీ
రాగ్నిల్డ్

తా.క. ఆ ఈల ఏ పాటో చెప్పండి. పాటని బట్టి మనిషిని పట్టుకోవచ్చు.


రాగ్నిల్డ్ అమ్మాయికి,

పాటా లేదు పాడూ లేదు, ఒకటే సాగదీత. అందర్నీ వరుసగా నిలబెట్టి నోళ్ళు మూయించాను. అయినా ఈల. గున్వర్ నన్ను అనుమానంగా చూసి నా నోరు కూడా తన చేత్తో మూసింది, ఉల్లిపాయ వాసన. అయినా ఈల!

దొంగ మీ డొప్పే. వాననీళ్ళు పోవడానికి అడుగున సందు పెట్టావు చూడు, అదీ నోరు. దిగులు పడకు. ఎలాగో ఒకలా ఆపాను.

ఇట్లు,
తోర్లైఫ్

తా.క. శనివారం పాలబువ్వ రెండు గిన్నెలు తిన్నాను. పైన వెన్న, దాల్చినచెక్క పొడి. ప్రపంచం మళ్ళీ సవ్యంగా ఉంది.


కెప్టెన్ గారికి,

చమురు లెక్క వచ్చింది. నూటికి పదిహేను మిగిలింది! హాల్వర్ గారు నవ్వారు. ఆయన పళ్ళని ఆఫీసులో చాలామంది మొదటిసారి చూశారు. మిగతా ఎనిమిది ఓడలకీ డొప్పలు చేయిస్తారట.

నాకు మాత్రం ముద్ద దిగడం లేదు. రెండు రావాలి, పదిహేను రాకూడదు. మిగతాది ఎక్కడిది? మీ ఓడలో చమురుకి ఏం జరుగుతోందో నిజం చెప్పండి.

రాగ్నిల్డ్


మహా ఇంజనీరు గారికి,

చమురు తగ్గితే కెప్టెన్ని దొంగంటారు, విన్నాను. మిగిలినా దొంగేనా? ఎవరి ఓడ నుంచి తోడుకొచ్చానంటావు, బకెట్టుతోనా? గున్వర్ కూడా మండిపడుతోంది: "రేపొచ్చి నా వంటనూనె కూడా కొలుస్తుందేమో, రమ్మను చెప్తాను!"

తోర్లైఫ్

తా.క. కోపంలో ఉన్నాను కాబట్టి కాఫీ మరక తుడవలేదు.


కెప్టెన్ గారూ,

అయ్యో, నేను దొంగతనం అనలేదండీ! ఒక్కటే అడుగుతాను. ఈల ఎలా ఆపారు?

రాగ్నిల్డ్

తా.క. మరక చూశాను. చాలా కోపమే.


అమ్మాయ్ రాగ్నిల్డ్,

ఓడని నెమ్మదిగా నడిపి.

వేగం ముల్లు పదమూడు దాటితే డొప్ప ఈల మొదలెడుతుంది. ఎదురుగాలి ఉన్నరోజు ఇంకా ముందే. కూసిందా, తగ్గించడమే. ఆలస్యం కాలేదా అంటావు. ఇన్నాళ్ళూ పొగలు కక్కుతూ పరుగెత్తి, రోటర్‌డామ్ బయట లంగరేసి, మా వంతు వచ్చేదాకా పేకాడేవాళ్ళం. ఇప్పుడు నింపాదిగా వెళ్ళి నేరుగా లోపలికే. అంత తొందరా కాచుక్కూర్చోవడానికే అని ఇన్నేళ్ళలో నాకు తట్టలేదు, ఆఫీసుకీ తట్టలేదు. నేను చేసిందల్లా పాలబువ్వ కోసం.

ఈ సంగతి బయటపడితే నీ డొప్పని కోసేస్తారేమో, నీకు గొట్టాల బల్ల. నేను నోరు మూసుకోగలను. నీ ఇష్టం తల్లీ.

ఇట్లు,
తోర్లైఫ్

తా.క. పేకాట పోయిందని ఏడుస్తున్నది ఇంజను గది వాడొక్కడే. వాడే గెలిచేవాడు.


కెప్టెన్ గారికి,

హాల్వర్ గారికి చెప్పేశాను. అందుకే మీకు రబ్బరు బిరడా పంపి, సందు మూసి, ఒక్క ప్రయాణం మునుపటి వేగంతో నడిపించమన్నారు. ఆ ప్రయాణం లెక్కలో రెండే మిగిలింది. సరిగ్గా రెండు! పదిహేను వచ్చినప్పుడు కూడా నాకింత సంతోషం కలగలేదు.

ఆయన, "రెండు కూడా రెండే, డొప్ప ఉండనీ. బిరడా పీకెయ్యమను" అన్నారు. తర్వాత, మిగతా ఓడలకి డొప్పలు ఖరీదు, ఈల ఒక్కటి పెడితే చాలన్నారు. వేగం పదమూడు దాటగానే కూయాలట. ఎనిమిది ఓడల వంటవాళ్ళకీ శనివారం పాలబువ్వ సంగతి ఆఫీసే చెబుతుంది.

ఈలంటే గొట్టమే కదా. ఆ పని గొట్టాల బల్లకిచ్చారు. సోమవారం నుంచి నేనూ అక్కడే.

మీ
రాగ్నిల్డ్

తా.క. నిన్న గున్వర్ గారి దగ్గర్నుంచి పొట్లం వచ్చింది. స్వెట్టరు. చేతులు కొంచెం పొడుగు.