మూతలో పెట్టిన జున్ను

నరసరావుపేట,
ఆదివారం.

అమ్మకు,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ తమ్ముడూ క్షేమమే అనుకుంటాను. ఆనవాయితీ కాబట్టి ఈ ముక్క రాశాను గానీ, ఈ ఉత్తరం నిన్ను సంతోషపెట్టడానికి కాదు. అసలు నేను క్షేమంగా ఉండటం వల్లే ఇక్కడ ఇంత గొడవ జరిగింది. ఫోన్లో చెబుదామంటే నువ్వు ముందు అరుస్తావు, తర్వాత ఏడుస్తావు, నేను కట్ చేస్తాను. కాగితాన్నయితే మధ్యలో ఆపలేవు కదా, అందుకని రాస్తున్నాను.

కందిపొడి డబ్బాలో పెట్టి పంపిన నీ ఉత్తరం అందింది. ఒక మూల నూనె తాగి అక్షరాలు అలుక్కుపోయినా మొత్తం చదివాను. "మంచి పని జరిగింది. పురుగులు తినేవాళ్ళని ఆసుపత్రిలో పెట్టుకుంటే ఇట్టాగే ఉంటది. నే చెప్పలా?" అని రాశావు. మంగళగిరిలో మన వీధి వీధంతా, మగ్గం మగ్గం దగ్గరికీ వెళ్ళి చెప్పొచ్చానని కూడా రాశావు. మల్లేశ్వరి పెద్దమ్మ విని పడీ పడీ నవ్విందట. సిగ్గు లేదా అమ్మా? చదువుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

వేళకు తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. జున్ను ఎలా కుదిరింది, ఒక్కదానివే తిన్నావా, నలుగురికీ పెట్టావా అని అడిగావు. పెట్టాను. ఎంత బాగా పెట్టానో కింద రాస్తాను. ఎవరితో కూర్చుని తింటున్నావు అని కూడా అడిగావు. దానికి జవాబు చివర్న చెప్తాను.

ముందు మా గది సంగతి తెలియాలి నీకు. ఆసుపత్రి మూడో అంతస్తులో మేం నర్సులం బట్టలు మార్చుకునే గది ఒకటుంది. మధ్యాహ్నం నలుగురం అక్కడే పేపరు పరిచి డబ్బాలన్నీ ఒకేసారి తెరుస్తాం. మూతలే మాకు పళ్ళేలు. ఎవరి డబ్బాలోది వాళ్ళు తినకూడదు, పక్కవాళ్ళకి మూతలో పెట్టాలి, పక్కవాళ్ళు పెట్టింది తినాలి. ఇంకో రూలు కూడా ఉంది. మింగేదాకా "ఇదేంటి" అని అడగకూడదు. హయాత్ అని మాతో పనిచేసే మేల్ నర్సు మేక మెదడు వేపుడు తెస్తే, గుడ్డు పొరుటు అనుకుని రెండుసార్లు వేయించుకున్నాను. చీరాల పిల్ల సౌజన్య ఎండు సొరచేప పొడుం తెచ్చిన మొదటి రోజు ఆ వాసనకి బాత్‌రూంలోకి పరిగెత్తాను. రెండో నెలకి ఆ పొడుం కోసం నేనే దెబ్బలాడేదాన్ని. ఛీ అనకు. నాన్న ఉన్నప్పుడు నువ్వు ఎండు నెత్తళ్ళ పులుసు పెడితే వీధి చివరికి వచ్చేది వాసన.

శాంతి ఎవరో కూడా నీకు తెలియదు. తెలియకుండానే వీధంతా తిప్పావు ఆవిడ పేరు. మా సీనియర్ నర్సు శాంతక్కది వినుకొండ దగ్గర పల్లె. భర్త మిరప కోతలకి పోతాడు, అదీ పని ఉన్న నెలల్లోనే. ఇద్దరు ఆడపిల్లలు. ఇల్లు గడిచేది ఈ ఉద్యోగం మీదే. నేను చేరిన కొత్తలో నరం దొరక్క ఒక ముసలామె చేతిని నాలుగు చోట్ల పొడిచాను. ఆవిడ కొడుకు నా మీదికి వస్తుంటే శాంతక్క నా చేతిలో సూది తీసుకుని, "నేను చూసుకుంటా, పోయి నీళ్ళు తాగిరా పో" అని పంపించేసి, ఆ తిట్లన్నీ తను తిన్నది.

తొలకరి పడ్డ వారం శాంతక్క ఉసిళ్ళు తెచ్చింది. వాన వెలిశాక పుట్టలోంచి లేస్తాయే, అవే. రెక్కలు చెరిగేసి, బొరుగులూ ఉప్పూ కారం కలిపి వేయించింది. నేను ఏమిటో అడక్కుండా రెండు మూతలు తిన్నాను. కరకరలాడుతూ, కాస్త వేరుశనగ గింజల్లా ఉన్నాయి. నీకు రోత అనిపిస్తుందేమో గానీ, నాకు నచ్చాయి.

అదే రోజు నా డబ్బాలో నీ జున్ను ఉంది. పానకాలు మామయ్య గేదె ఈనిందని నువ్వు శనివారం బస్సులో వేసిన జున్ను. నాకు వరుస డ్యూటీలు పడి సోమవారం పొద్దున గానీ పార్సిల్ తెచ్చుకోలేదు. మూత తీస్తే అంచుల్లో నీరు ఊరింది, పుల్లటి వాసన వేసింది. ఆ ఉక్కలో రెండు రోజులు ఉంటే ఏమవుతుంది మరి? పారబోద్దామనే తీశాను. కానీ నువ్వు ఫోన్లో అన్నది గుర్తొచ్చింది. "మన జున్ను పెట్టు. మనిషి తినే తిండంటే ఏందో తెలుస్తది వాళ్ళకి." నాకూ ఆ గొప్ప చూపించుకోవాలనే అనిపించింది. అబద్ధం ఎందుకు? పైపొర గీకేసి, యాలకుల పొడీ మిరియాల పొడీ చల్లి పట్టుకెళ్ళాను. నర్సుని నేను. అది తింటే ఏమవుతుందో నాకు తెలియదా?

ముగ్గురూ తిన్నారు. శాంతక్క ఇంకొంచెం పెట్టించుకుంది. మీ అమ్మ చెయ్యి చల్లగా ఉండాలి అంది. నా డబ్బాలోది కాబట్టి నేను తినలేదు.

మూడు గంటలు తిరక్కుండా సౌజన్యకి వాంతులు మొదలయ్యాయి. తర్వాత హయాత్, తర్వాత శాంతక్క. ముగ్గురికీ సెలైన్లు పెట్టి ఖాళీ మంచాల మీద పడుకోబెట్టాం. మా హెడ్డు కనకలక్ష్మి మేడం పరిగెత్తుకుంటూ వచ్చి, "ఏం తగలేశారే మీరంతా?" అని కేకలేశారు. "శాంతక్క పురుగులు తెచ్చింది మేడం" అంది సౌజన్య, నీరసంగా. మేడం నా వైపు తిరిగారు. "నువ్వు మాత్రం గుండ్రాయిలా నిలబడ్డావేం? అవి నువ్వు తినలా?"

అమ్మా, నీకు కూడా నేను దాచింది ఇదే. "లేదు మేడం, నేనవి ముట్టుకోనే లేదు" అన్నాను.

శాంతక్క మంచం మీద నుంచి తలెత్తింది. "అదేందే ఉదయా, రెండు మూతలు తిన్నావుగా" అంది. "నేను తినలా" అని మళ్ళీ అన్నాను. ఆవిడ కళ్ళలోకి చూసే అన్నాను.

అంతే. తినని నేను బాగున్నాను, తిన్నవాళ్ళు పడ్డారు, కాబట్టి పాపం ఉసిళ్ళది. తన డబ్బాలోది తను తినని శాంతక్కకి వాంతులు ఎట్లా వచ్చాయని ఎవరూ అడగలేదు. మేడానికి మా రూలు తెలియదు. తెలిసిన హయాత్, సౌజన్య ఆలోచించే స్థితిలో లేరు. లేచాక కూడా ఆలోచించలేదు. పురుగులంటే అందరికీ నమ్మబుద్ధేసింది. మర్నాడు డ్యూటీకి వచ్చిన శాంతక్కని గేటు దగ్గరే ఆపి, విచారణ అయ్యేదాకా రావద్దని పంపేశారు. ఉద్యోగం పోయినట్టేనని అందరూ చెప్పుకున్నారు. పదకొండు రోజులు నేను నోరు మెదపలేదు. శాంతక్కని పంపేసిన సాయంత్రం నీకు ఫోన్ చేసి కూడా అదే అబద్ధం చెప్పాను.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. "నే చెప్పలా" అన్న ముక్క దగ్గర ఆగిపోయాను. నీ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. కానీ నువ్వు ఊరంతా చాటింది నేను చెప్పిన మాటే. మర్నాడు పొద్దున్నే జరిగిందంతా కాగితం మీద రాసి, సంతకం పెట్టి మేడానికి ఇచ్చాను. "పదకొండు రోజులా? నువ్వు మనిషివేనా?" అన్నారు. మెమో ఇచ్చారు. మధ్యాహ్నానికి డ్యూటీకి రమ్మని శాంతక్కకి ఫోన్ వెళ్ళింది.

ఆవిడ వచ్చిన రోజు బట్టల బీరువా దగ్గర పట్టుకుని, "అక్కా, తప్పయిపోయింది" అన్నాను.

"తప్పు జున్నుదా, నీదా?" అంది.

"నాదే అక్కా."

"సరే. మూడో నంబరు పేషెంటుకి ఇంజెక్షన్ టైమయింది, చూసుకో" అంది. కొట్టినా బాగుండేది.

ఇప్పుడు నీ పని చెప్తాను విను. ఏ మగ్గాల దగ్గర శాంతక్క గురించి చెప్పావో, ఆ మగ్గాలన్నిటి దగ్గరికీ మళ్ళీ వెళ్ళు. మా జున్ను పాడైంది, నా కూతురు తెలిసీ పెట్టింది, పైగా అబద్ధమాడింది అని చెప్పు. మల్లేశ్వరి పెద్దమ్మకి ముందు చెప్పు. పరువు పోతుందంటావు. పోనీ. శాంతక్కది తీసేటప్పుడు మనిద్దరికీ ఏమీ అనిపించలేదు కదా. చెప్పాకే నాకు ఉత్తరం రాయి. అప్పటిదాకా పార్సిళ్ళు పంపకు.

ఎవరితో కూర్చుని తింటున్నావు అని అడిగావు. నిన్న మధ్యాహ్నం కూడా పేపరు పరిచారు. ముగ్గురూ మూతలు మార్చుకున్నారు. నేను నీ కందిపొడి అన్నం మూతలో పెట్టి శాంతక్క ముందుకి జరిపాను. ఆవిడ దాన్ని తోసెయ్యలేదు, ముట్టుకోనూ లేదు. నా ముందుకి ఎవరి మూతా రాలేదు. డ్యూటీకి టైమైపోతోంది, ఆకలేస్తోంది. ఆ మూత వెనక్కి తెచ్చుకుని నా డబ్బాలోది నేనే తిన్నాను. ఆసుపత్రిలో చేరాక అదే మొదటిసారి.

వాళ్ళ డబ్బాలు ముట్టుకోవద్దు, నీది నువ్వే తిను అని ఎన్నిసార్లు చెప్పావమ్మా. ఇక అట్లాగే తింటున్నాను.

ఇట్లు,
నీ మాట విన్న కూతురు,
ఉదయశ్రీ