మాంసం మెత్తగా ఉందని ఫిర్యాదు

విల్లో బెండ్, నెబ్రాస్కా
సెప్టెంబరు 4

గ్రిల్లు కంపెనీ విడిభాగాల ఆఫీసువారికి,

నమస్కారం. నా పేరు ఆర్వాడా టీట్జెన్. వయసు డెబ్భై మూడు. మీకు ఫోన్ చేస్తే ఒక యంత్రం ఒకటి నొక్కమంది, రెండు నొక్కమంది, తర్వాత పాట పెట్టింది. ఆ పాట అయ్యేలోపు నేను రెండు సీసాల బీట్‌రూట్ ఊరగాయ పెట్టేశాను. అందుకని ఉత్తరం రాస్తున్నాను.

మా ఇంట్లో మీ గ్రిల్లు ఉంది. చెక్క గుళికలు మింగి, తనంతట తానే మంట పెట్టుకుని, చెప్పిన వేడి మీద నిలబడే రకం. కొని ఇరవై రెండేళ్ళయింది. మావారు మెర్ల్ దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. ఫిబ్రవరిలో ఆయన పోయారు. జూలైలో పిడుగుపాటుకి దాని కంట్రోలరు కూడా పోయింది. తెర మీద అంకె లేదు, లోపల మంట లేదు.

ఏటా నవంబరు మొదటి శనివారం మా ఊరి ఫైర్ స్టేషన్‌లో విందు జరుగుతుంది. ఇన్నేళ్ళూ ఆ విందుకి గొడ్డు రొమ్ముకండ వండింది ఆయనే. ఈ ఏడు ఫైర్ దళం పెద్ద డార్విన్ ఓల్ట్‌మన్ ఇంటికొచ్చి, "నీకెందుకక్కా శ్రమ, కొట్లో పంది హామ్ కొనేస్తాంలే" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆయన పోయినప్పటినుంచీ ఈ ఊళ్ళో నా ముందు ఆయన పేరెత్తడం మానేశారు. ఏడుస్తానని భయం. కొట్లో ఎదురైతే వాన గురించి ఒక మాట చెప్పి సబ్బుల వైపు తప్పుకుంటారు. నా మొగుడు ఈ ఊళ్ళో పుట్టనేలేదన్నట్టుంది. విందు రోజున బల్ల మీద మెర్ల్ వంటే ఉండాలి. ఆయన నోటుపుస్తకంలో అంతా రాసి ఉంది: రెండు వందల పాతిక ఫారన్‌హీట్ డిగ్రీల మీద పెట్టాలి, పన్నెండు గంటలు, మూత తియ్యకూడదు.

చచ్చిన కంట్రోలరుని ఈ పెట్టెలో పెట్టాను. అచ్చం ఇలాంటిదే పంపండి.

ఇట్లు,
ఆర్వాడా టీట్జెన్

తా.క. ఈ విందుకి అందరికంటే ముందు టికెట్ కొనేది మా ఊరి పళ్ళ డాక్టరు. హామ్ వద్దని గట్టిగా అన్నది కూడా ఆయనొక్కడే.


సెప్టెంబరు 12

గౌరవనీయులైన శ్రీమతి టీట్జెన్ గారికి,

మీ ఉత్తరం అందింది. మీవారి సంగతి తెలిసి బాధ కలిగింది.

మీరు పంపిన రకం తయారీ ఆగిపోయి చాలాకాలమైంది. దాని స్థానంలో వాడవలసిన కొత్త కంట్రోలరుని పంపుతున్నాము. బిగించడం కష్టమేమీ కాదు. ముందు ప్లగ్గు పీకేయండి. గుళికల డబ్బా పక్కన నాలుగు స్క్రూలు ఉంటాయి, విప్పండి. వెనకాల నాలుగు జతల తీగలు కనిపిస్తాయి. ఒకటి గుళికలు తోసే మోటారుకి, ఒకటి గాలి పంకాకి, ఒకటి మంట అంటించే కడ్డీకి, ఒకటి వేడి కొలిచే కడ్డీకి. ఊడదీసే ముందే ప్రతి జతకీ ఒక చీటీ అంటించుకుంటే పొరపాటు రాదు.

మీ విందు బాగా జరగాలని కోరుకుంటూ,
లొరీన్ పెట్టిబోన్
విడిభాగాల విభాగం

తా.క. చేత్తో రాసిన ఉత్తరం మా ఆఫీసుకి వచ్చి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. మరమ్మతు బల్ల దగ్గర పనిచేసే వెండెల్ మీ పాత కంట్రోలరు మీద పేరుకున్న పొగ వాసన చూసి మధ్యాహ్న భోజనానికి అరగంట ముందే లేచిపోయాడు.


సెప్టెంబరు 24

లొరీన్ గారికి,

వస్తువు చేరింది. బిగించాను. తీగలు కలిసిపోకుండా మా చుట్టాల పేర్లు రాసి అంటించాను. ఊరికే తిరుగుతూ ఉండే మోటారుకి మా మరిది పేరు, గాలి పోగుచేసే పంకాకి మా వదిన పేరు, ఉన్నట్టుండి అంటుకునేదానికి మా చెల్లెలు డోరిస్ పేరు. వేడి కొలుస్తూ కదలకుండా కూర్చునేదానికి మా అత్తగారి పేరు పెట్టాను. అందరూ ఒక్క పెట్టెలో గొడవ లేకుండా ఇమడడం ఇదే మొదటిసారి.

కానీ మీరు పంపిన కంట్రోలరు పనికిరాదు. నోటుపుస్తకంలో ఉన్నట్టే రెండు వందల పాతిక మీద పెట్టాను. పన్నెండు గంటలు మూత తియ్యలేదు. చివరికి తీస్తే మాంసం మెత్తగా ఉంది. కత్తి ఆనించానో లేదో విడిపోయింది. రసం బల్ల మీదికి కారి గుడ్డతో తుడవాల్సివచ్చింది. నేను నోట్లో కూడా పెట్టుకోలేదు. చూడగానే తెలిసిపోయింది, ఇది మెర్ల్ వంట కాదు. దయచేసి వేరేది పంపండి. విందు ఆరువారాల్లో ఉంది.

ఇట్లు,
ఆర్వాడా టీట్జెన్

తా.క. పాడైపోయిన మాంసాన్ని పక్కింటి క్లిఫర్డ్ హ్రుస్కాకి ఇచ్చేశాను. పళ్ళెం కడిగి తెచ్చిచ్చి, "మళ్ళీ ఎప్పుడు పాడవుతుంది?" అని అడిగాడు.


అక్టోబరు 1

గౌరవనీయులైన శ్రీమతి టీట్జెన్ గారికి,

మీ ఉత్తరాన్ని నేనూ వెండెల్ మూడేసిసార్లు చదివాము. మాంసం గట్టిగా ఉందని ఫిర్యాదులు వస్తుంటాయి. మెత్తగా ఉందని ఇప్పటిదాకా ఎవరూ రాయలేదు. మనసు బాగాలేనప్పుడు ఒకటి రాయబోయి ఇంకొకటి రాయడం ఎవరికైనా సహజమే. మీరు గట్టిగా ఉందని రాయబోయారని అనుకుంటూ, అందుకు చేయవలసినవి రాస్తున్నాను.

ఎనిమిదో గంటలో మాంసాన్ని దళసరి కాగితంలో చుట్టండి. వేడిని రెండు వందల యాభైకి పెంచండి. దించాక కాగితం విప్పకుండా దుప్పటిలో చుట్టి గంటసేపు పక్కన పెట్టండి.

మీ శ్రేయోభిలాషి,
లొరీన్ పెట్టిబోన్

తా.క. దుప్పటి పాతదైతే మంచిది. వెండెల్ ఒకసారి పెళ్ళిలో ఇచ్చిన దుప్పటి వాడాడు. భార్యకి తెలిసేసరికి వారం పట్టింది, ఆ సంగతి సద్దుమణిగేసరికి ఏడాది పట్టింది.


అక్టోబరు 11

అమ్మాయ్ లొరీన్,

నేను మెత్తగా అని రాస్తే మెత్తగా అనే అర్థం. కంపెనీవాళ్ళకి నాకంటే ఎక్కువ తెలుస్తుంది కదా అని నువ్వు చెప్పినవన్నీ చేశాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఇప్పుడది చెంచాతో తినాల్సినట్టు తయారైంది.

పైగా ఇల్లు సంతలా అయిపోయింది. పొగ లేవగానే క్లిఫర్డ్ తన కుర్చీ తానే తెచ్చుకుని కంచె పక్కన వేసుకున్నాడు. వాడి వెనకాల ఇంకో ఇద్దరు. చివరికి డార్విన్ కూడా వచ్చాడు. "పొగ కనబడింది, తనిఖీకి వచ్చానక్కా" అన్నాడు. తనిఖీకొచ్చినవాడి జేబులో ఫోర్కు ఎందుకుందో అడగలేదు. రెండు పళ్ళాలు తిన్నాడు. "ఇంక హామ్ మాటే ఎత్తను, విందుకి ఇదే పెట్టు" అన్నాడు. గంటసేపు కూర్చుని మొక్కజొన్న ధర, చర్చి పైకప్పు, మోకాలి నొప్పి, అన్నీ మాట్లాడాడు. ఇరవై రెండేళ్ళు ఆ గ్రిల్లు ముందు నిలబడ్డ మనిషి పేరు మాత్రం అతని నోట రాలేదు. వెళ్ళాక కుర్చీలు మడతపెడుతూ నాకు ఏడుపొచ్చింది.

దాన్ని బాగుచేసే దారి చెప్పు, లేకపోతే నా పాతదాన్ని బతికించి పంపించు.

ఇట్లు,
ఆర్వాడా

తా.క. దుప్పటి డోరిస్ ఇచ్చినది. పోతే పోనీ.


అక్టోబరు 18

ఆర్వాడా గారికి,

క్షమించాలి. మీ మాట నమ్మకపోవడం నా తప్పే.

వెండెల్ మీ పాత కంట్రోలరుని విప్పి, కాలిపోయిన ఫ్యూజు మార్చి, పరీక్ష పొయ్యికి తగిలించాడు. తెర వెలిగింది. కానీ పొయ్యిలో నూట డెబ్భై అయిదు ఉంటే అది రెండు వందల పాతిక అని చూపించింది. ఎన్నిసార్లు చూసినా అంతే. వెండెల్ లెక్కలో అది మొదటినుంచీ అలాగే ఉండి ఉంటుంది. అంటే మీవారు రెండు వందల పాతిక అనుకున్న ప్రతిసారీ లోపల యాభై డిగ్రీలు తక్కువే ఉంది. దాన్ని తిరిగి వాడమని మేము పంపలేము, తీగలు చీకిపోయాయి.

ఈ మాట ఎలా చెప్పాలో తెలియక కాగితాలు నాలుగు చింపాను. మీవారి మాంసం ఎప్పుడూ సరిగ్గా ఉడకలేదండీ. ఇప్పుడు మీరు వండుతున్నదే అసలైన రొమ్ముకండ. నామాట విని విందుకి అదే పెట్టండి. అందరూ మెచ్చుకుంటారు.

మీ,
లొరీన్

తా.క. వెండెల్ సందేహం: మీ ఊళ్ళో ఇన్నేళ్ళలో ఎవరూ ఏమీ అనలేదా? నాకోసం కాదు, వాడు రెండు రోజులుగా పని మానేసి అదే ఆలోచిస్తున్నాడు.


అక్టోబరు 23

లొరీన్,

ఏది అసలైన రొమ్ముకండో నేను అడగలేదు. మెచ్చుకోళ్ళు నాకు అక్కర్లేదు. పోయినాయన పొయ్యికి ఇప్పుడు పరీక్ష పెట్టి తప్పిన మార్కులు నాకు పంపితే నేనేం చేసుకోను?

ఒకే ఒక్క ప్రశ్న. పాతది యాభై డిగ్రీలు అబద్ధం చెప్పేది. కొత్తదాని చేత కూడా అదే అబద్ధం చెప్పించగలరా, లేదా? నోటుపుస్తకంలో ఆయన రాసిన అంకె కొట్టేసి పక్కన నా అంకె రాయలేను. అడగొద్దు.

విందు పదిహేను రోజుల్లో ఉంది.

ఆర్వాడా

తా.క. వెండెల్‌ని పని చేసుకోమను.


అక్టోబరు 27

ఆర్వాడా గారికి,

చెప్పించగలం.

తెర పక్కన పైకి, కిందికి అని రెండు మీటలున్నాయి. రెండూ కలిపి అయిదు సెకన్లు నొక్కి పట్టుకోండి. సున్నా కనిపిస్తుంది. అది కడ్డీ కొలతలో తేడా వస్తే సరిచేసుకోవడానికి పెట్టినది. పై మీట నొక్కుతూ యాభై దాకా తీసుకెళ్ళండి. ఇకమీదట ఉన్న వేడికి యాభై కలిపి చూపిస్తుంది.

సరిచేయడానికి పెట్టినదాన్ని చెడగొట్టడానికి వాడటం తన ముప్ఫై ఏళ్ళ నౌకరీలో ఎరగనని వెండెల్ అన్నాడు. వాడిది ఒకటే షరతు. కండ మధ్యలో వేడి కొలిచే సూది గుచ్చి చూసి, లోపలి వేడి నూట యాభై దాటాకే దించాలి. నమలడం వాళ్ళ ఖర్మ, జబ్బు పడితే మన ఖర్మ అంటున్నాడు.

మీరు ఎందుకిలా అడుగుతున్నారో నాకు ఇంకా అర్థం కాలేదు. అర్థం కాకపోయినా చెప్పాలనిపించింది.

మీ,
లొరీన్

తా.క. విందు ఎలా జరిగిందో తప్పకుండా రాయండి. ఆఫీసులో పదకొండుమంది అడుగుతున్నారు.


నవంబరు 9

అమ్మాయ్ లొరీన్,

విందు అయిపోయింది. అరవై ఎనిమిది మంది వచ్చారు. అయిదు కండలు వండాను. లోపల నూట యాభై ఆరు ఉందని వెండెల్‌తో చెప్పు. దించాక వేలి కణుపుతో తట్టి చూస్తే తలుపు తట్టినట్టు చప్పుడైంది.

మొదటి ముక్క డార్విన్‌ది. కంచె దగ్గర తిన్నదే అనుకుని పెద్ద ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకో దవడకి మార్చి నమిలాడు. నావైపు చూశాడు, పళ్ళెం వైపు చూశాడు, నమలలేక మింగలేక నిలబడిపోయాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇది మెర్ల్‌దే" అన్నాడు. హాలంతా వినబడింది. తొమ్మిది నెలల తర్వాత ఈ ఊళ్ళో ఒక మనిషి నా ఎదురుగా ఆ పేరు పలికాడు.

ఇంక ఆపేవాళ్ళు లేకపోయారు. పాస్టరుగారి భార్య, "మెర్ల్ ఇచ్చిన ముక్కని మా కుక్క మూడు రోజులు కొరికేది, ఆయన కనబడితే తోక ఊపి చచ్చేది" అంది. ఒకాయన ఒక ఏడు తన ముక్కని జేబులో దాచుకుంటే, ఇతనికి ఇంటికి తీసుకెళ్ళాలని ఉందేమోనని మెర్ల్ ఇంకో మూడు ముక్కలు మూటకట్టి ఇచ్చాడట. నవ్వి నవ్వి, దవడలు పట్టుకుని మళ్ళీ నవ్వారు. అప్పుడు క్లిఫర్డ్ లేచాడు. "మా కొట్టం కాలిన రోజు మంట ఆరాక అందరూ ఇళ్ళకి పోయారు. నేను బూడిద పక్కన కూర్చుంటే, తెల్లారేదాకా నా పక్కన కూర్చుంది మెర్ల్ ఒక్కడే. అలాంటివాడు పెడితే నమలకుండా ఎలా ఉంటాను?" అన్నాడు. అంతా ఇంకో ముక్క తీసుకుని నమిలారు.

గిన్నెలు కడిగేటప్పుడు డార్విన్ వంటగదిలోకి వచ్చి నేల చూస్తూ నిలబడ్డాడు. "అక్కా, ఇన్నేళ్ళూ నీ దగ్గర దాచాం. ఆ మాంసం..." అన్నాడు.

"నాకు తెలుసురా. నలభై ఆరేళ్ళు కాపురం చేశాను. నాకు మాత్రం పళ్ళు లేవా?" అన్నాను.

నువ్వు కూడా నేను తెలియక అడిగాననుకున్నావు. మొదటి ఏడే తెలుసు. చెబుదామనుకున్నాను. కానీ ఆయన ఏటా విందు రోజు తెల్లవారుజామునే లేచి, తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని గ్రిల్లు ముందు నిలబడేవారు. ఏమని చెప్పను? మెత్తటి మాంసం పెడితే జనం తింటూ మొక్కజొన్న ధర మాట్లాడుకుంటారు. అది నేను చూశాను. నాకు కావలసింది వాళ్ళు ఆయన్ని తలుచుకోవడం. ఆయన వంట నోట్లో ఉండగా మనిషి ఇంకెవరినీ తలుచుకోలేడు.

నిన్న కొట్లో ముగ్గురు ఆగి మెర్ల్ గురించి మాట్లాడారు. నేను ఏడ్చాను. ఎవరూ పారిపోలేదు.

నీకు, వెండెల్‌కి నా ఆశీస్సులు.

ప్రేమతో,
ఆర్వాడా

తా.క. విందు మర్నాడు రెండు మీటలూ నొక్కి ఆ యాభైని తీసేశాను. సున్నా మీద ఒక చిన్న కండ వండుకుని, ఒక్కదాన్నే కూర్చుని, ఆ మెత్తటి మాంసాన్ని మొదటిసారి నోట్లో పెట్టుకున్నాను. గోడ మీదున్న ఆయన ఫోటోని, ఏమీ అనుకోకండి అని చెప్పి, అటువైపు తిప్పి, ఇంకోసారి వడ్డించుకున్నాను.