చెవిలో నీళ్ళు

పుంగనూరు,
10-1-1999

ప్రియమైన మహేష్‌కు,

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ ఎడమ చెయ్యి మాత్రం పక్షవాతం వచ్చిన రోజు ఎలా పడిపోయిందో అలాగే ఉంది. పొద్దున లేచి ఆమెకు తల దువ్వి, స్నానం చేయించి, సంగటి కెలికేసరికి నా పొద్దు అయిపోతోంది.

నీకు కామెర్లు తగ్గితే ఇస్తానని అమ్మ గంగమ్మకు మొక్కిన పొట్టేలు బాగా ఎదిగింది. రోజూ నేనే దాన్ని కడుగుతున్నాను, మెడ, చెవులు, అంతా. "బోరులో నీళ్ళు లేక సస్తాంటే దానికి పెండ్లికొడుకు మాదిరి స్నానాలు యాల?" అని నాయన కసురుతున్నాడు. నేను వినను, నా మొండితనం నీకు తెలిసిందే. జాతర ఏప్రిల్ ఆరు, మంగళవారం. వస్తావా?

ఇంకో మాట. మదనపల్లెలో బాలవాడి టీచరు శిక్షణకు దరఖాస్తు పెట్టాను. ఇంట్లో చెప్పలేదు. ఆరేళ్ళ కిందట అమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు, నీ చదువు ఆగకూడదని నాకొచ్చిన ట్రైనింగు సీటు వదులుకున్నాను కదా. వయసు ఇరవై ఐదు దాటితే ఇదీ దక్కదు. ఈ మధ్య ఇంట్లో నాకు ఊపిరాడడం లేదురా. వాకిలి దాటాలంటే ఏదో ఒక పని పేరు చెప్పాలి.

నీ అక్క,
రెడ్డెమ్మ

కుప్పం,
2-2-1999

ప్రియమైన అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నాకు సిగ్గేసింది. డిగ్రీ చదువుతున్న నా పేరు చెప్పి నోరులేని జీవాన్ని కోయడమేమిటి? వద్దని చెప్పుకోలేదు కదా అది. బదులుగా గుమ్మడికాయ కొట్టమని అమ్మకు చెప్పు.

మదనపల్లె ఇప్పుడే వద్దక్కా. నాకు ఇంకో ఏడాది చదువుంది, ఆ తర్వాత ఉద్యోగం దొరకాలి. అమ్మకు నువ్వు తప్ప ఎవరున్నారు? ఆరేళ్ళ కిందట నాయన అడిగితే ఒక్క మాట అనకుండా తల ఊపావు. ఆ త్యాగం నేను మరిచిపోను. దేవుడు మెచ్చే బలి అంటే అదీ.

పరీక్షలు ఏప్రిల్ పదో తేదీ శనివారం దాకా ఉన్నాయి. జాతరకు రాలేను.

నీ తమ్ముడు,
మహేష్

పుంగనూరు,
14-3-1999

ప్రియమైన మహేష్‌కు,

గుమ్మడికాయ మాట ఎత్తగానే అమ్మ ఏడ్చింది. "నా కొడుకు పానానికి గుమ్మడికాయా?" అంది. పూజారి దాసప్పను కూడా అడిగాను. "ఊరికే కోయమమ్మా. పసుపు నీళ్ళు సల్లుతాం. అది ఒళ్ళు ఇదిలిస్తేనే ఒప్పుకొన్నట్టు. మూడు తూర్లు సల్లినా ఇదిలించకుంటే ముట్టం" అన్నాడు. నోరు లేదన్నావు, ఇదే దాని నోరట.

మదనపల్లె నుంచి కార్డు వచ్చింది. ఏప్రిల్ పన్నెండు, సోమవారం చేరాలి. పోపుల డబ్బా కింద దాచి, రోజుకు నాలుగుసార్లు తీసి చూసుకుంటున్నాను. పొట్టేలు తాడు గడ్డివాము దాకా వస్తుంది, వాకిలి దాకా రాదు. దాన్ని కట్టేటప్పుడల్లా నాకు కోపం వస్తోంది. ఎవరి మీదో తెలియడం లేదు.

నన్ను పొమ్మని ఒక్క ముక్క రాయి మహేష్. నువ్వు చెబితే వాళ్ళు వింటారు.

నీ అక్క,
రెడ్డెమ్మ

పుంగనూరు,
8-4-1999

ప్రియమైన మహేష్‌కు,

నువ్వు జవాబు రాయలేదు. పోనీలే.

మంగళవారం దాసప్ప పొట్టేలు మీద పసుపు నీళ్ళు చల్లాడు. కదల్లేదు. రెండోసారి చెవుల మీదే పోశాడు. అది నా కొంగు నములుతూ నిలబడింది. మూడోసారి చెంబెడు గుమ్మరించినా అంతే. డప్పులు ఆగిపోయాయి. "ఆ ఇంట్లో ఎవురి మనసో ఒప్పుకోల్యా" అని దాసప్ప తాడు విప్పి దాన్ని గుడికి వదిలేశాడు.

అసలు సంగతి నీకు చెబుతాను. చెవిలో నీళ్ళు పడితే ఏ పొట్టేలైనా ఒళ్ళు విదిలిస్తుంది. పెంచినదాన్ని కాబట్టి నాకు తెలుసు. ఒప్పుకోవడమూ లేదు, పాడూ లేదు. అందుకే రోజూ చెవుల్లో నీళ్ళు పోసి దానికి అలవాటు చేశాను. గంగమ్మను మోసం చేశానంటావా? ఆమె రోజూ చూస్తూనే ఉంది, ఒక్కనాడూ వద్దనలేదు.

ఆరేళ్ళ కిందట నేను తల ఊపిందీ అంతేరా. నాయన, మామ ఈశ్వరప్ప, నువ్వు, అందరూ చుట్టూ కూర్చుని నా మొహంలోకే చూస్తుంటే తల దానంతట అదే ఊగింది. దానికి మీరు త్యాగమని పేరు పెట్టారు. నువ్వు బతకాలని అమ్మ మొక్కితే పోవలసింది పొట్టేలు ప్రాణం. నువ్వు చదవాలని నాయన అనుకుంటే పోయింది నా సీటు. ఇచ్చేవాళ్ళు తమది కదా ఇవ్వాలి?

ఇంటికొచ్చాక అమ్మ నన్నే చూసింది.

"నీ మనసేనా పాపా?"

"అవునమ్మా."

కార్డు తీసి చూపించాను. మొక్కు తీరక నీకు మళ్ళీ ఏమవుతుందోనని ఆమె చాలాసేపు ఏడ్చింది. తర్వాత బాగున్న చేత్తో నా చెంప పట్టుకుంది. "నాదంటూ ఉండేది నువ్వొక్కదానివే. నిన్ను ఇడుస్తాండాను. ఆ తల్లికి అదే నా మొక్కు" అంది. అప్పుడు నాకూ ఏడుపు ఆగలేదు.

ఆదివారం బస్సెక్కుతున్నాను. సంగటి నాయన కెలుకుతానన్నాడు. శనివారం పరీక్ష అయిపోగానే నువ్వు నేరుగా ఇంటికి రా. ఒంటి చేత్తో అమ్మ తల దువ్వుకోలేదు, నువ్వే దువ్వాలి. చిక్కుల దగ్గర మెల్లగా దువ్వు. ఆమె తల ఊపితే సరేనన్నదని అనుకోవద్దు. నొప్పి పుడుతోందేమో, అడుగు.

నీ అక్క,
రెడ్డెమ్మ