రెండో ప్రశ్న అడగని ఆస్పత్రి

గుండె విభాగం పెద్ద డాక్టరు గారికి,

మీ ఆస్పత్రి గుమ్మంలో పెట్టిన బోర్డు చదివాను. మీ దగ్గర స్టెంటు వేయించుకున్న వాళ్లలో నూటికి తొంభై ఎనిమిది మంది క్షేమమట. ఆ క్షేమం ఎలా తయారవుతుందో నాకు తెలుసు. వడ్రంగి పని చేసే మా అన్నయ్యకు మీరు స్టెంటు వేసిన రెండు నెలలకు మీ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. వదిన ఎత్తింది.

"పేషెంటు ఉన్నారామ్మా?"

"ఉన్నారండీ. కానీ విరేచనం నల్లగా..."

"ఉన్నారు కదా, చాలమ్మా!"

పెట్టేశారు. మనిషి శవం కాకపోతే మీకు విజయమే! పాత సామాన్లు కొనేవాడైనా వస్తువును తిప్పి చూసి ఇంకో ప్రశ్న అడుగుతాడు.

విరేచనం నల్లగా అవుతోందంటే లోపల రక్తం కారుతోందని భయపడి అన్నయ్య రక్తం పలచబరిచే మాత్రలు తనంతట తానే మానేశాడు. ఇవాళ్టికి ఆరు రోజులు. స్టెంటులో గడ్డకడితే ప్రాణం మీదికొస్తుంది, ఆస్పత్రికి పద అని నేను మొత్తుకుంటే ఒకటే మాట.

"నీ ఉపన్యాసాలు మీ మహిళా సంఘం మీటింగుల్లో చెప్పుకోవే. ఆస్పత్రి వాళ్లే నేను బాగున్నానని రాసుకున్నారు. నువ్వు వాళ్లకంటే పెద్ద డాక్టరువా?"

మీ మీద ఆయనకున్న గౌరవం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దానికి మీరు తగరు. అయినా ఇప్పుడు ఆయన్ని ఇంట్లోంచి కదిలించగలిగేది మీ గొంతొక్కటే. ఆ మాత్రలు మళ్లీ మొదలుపెట్టాలో, మార్చాలో, ఆ రక్తం ఎక్కడిదో తేల్చాల్సింది మీరే.

ఆయన ఫోను నంబరు ఈ కాగితం వెనక రాశాను. ఈ ఉత్తరం మీ నర్సు చేతికిచ్చి మీ గది తలుపు బయటే కూర్చుంటాను. మీరు ఆయనతో మాట్లాడేదాకా లేవను.

వడ్రంగి చెల్లెలు